నాన్నకి చెప్పక తప్పలేదు

బుధవారం, రాత్రి

ఈ రోజు గాలి పక్క నుంచి కొడుతుంటే, రన్‌వే మీదకి దిగేటప్పుడు నా చేతులు బిగుసుకుపోయాయి. పక్కనున్న ఇన్‌స్ట్రక్టర్ సారు కంట్రోల్స్ అందుకుని విమానాన్ని మళ్ళీ పైకి లేపకపోతే ఏమయ్యేదో. లైసెన్స్ వచ్చి నాలుగు నెలలే అయింది. అందులో రెండు నెలలు ఎగరలేదు. అంతలోనే అంతా మర్చిపోయానా?

"ఇప్పుడే ఎవర్నీ ఎక్కించుకోకమ్మా. ముందు నన్ను పక్కన పెట్టుకుని పదిసార్లు రన్‌వే మీదకి దిగు," అన్నారు సారు.

నేను కంచరపాలెంలో మా ఇంటికి వచ్చేసరికి నాన్న వెల్డింగ్ షాపు కట్టేసి అరుగు మీద కూర్చున్నాడు. ఆదివారం నేను నడిపే విమానం ఎక్కుతానని వీధంతా చెప్పేశాడు.

"ఆదివారం నిన్ను ఎక్కించలేను నాన్నా."

"ఏటైనాదమ్మా?"

జరిగింది చెప్పాను. గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"నాను తర్వాతెక్కుతాన్లే. నువ్వు సారుతో ఎగురు, నాను కింద నిలబడి సూత్తాను," అన్నాడు.

నాన్న చూస్తుంటే ఇంకా ఎక్కువ భయమని చెప్పలేకపోయాను.

కళ్ళు మూస్తే చాలు, రన్‌వే పక్కకి జారిపోతోంది. ఇక నావల్ల కాదేమో. ఆదివారం వస్తానని సారుకి మెసేజ్ రాసి చెరిపేశాను. మళ్ళీ రాశాను. ఇంకా పంపలేదు.