వేలంలో చెయ్యెత్తను

3వ తేదీ, సోమవారం
ఇవాళ్టి నుంచి గడియారాలు కొనను. నిర్ణయం అయిపోయింది!
కారణాలు: సొరుగు నిండా గడియారాలే. చేతులు మాత్రం రెండే. పైగా వంటగది. సింకు కింద బకెట్టు, పట్టుకుంటే చేతిలోకి ఊడొచ్చే అల్మారా తలుపు. దాని మరమ్మతుకు దాచిన డబ్బు ముట్టుకోనని మా ఆవిడకు చెప్పాను. నెలాఖరుకు వడ్రంగి వస్తాడు.
"ఒట్టు వేయండి" అంది.
"మాటిచ్చానుగా!"
"అందుకే ఒట్టు వేయమంటున్నా."
వేశాను. మనసు తేలికపడింది. మనోబలం ఉన్నవాడికి ఇదెంత పని!

5, బుధవారం
వేలం కంపెనీ కేటలాగు వచ్చింది. తెరిచాను. చూడడం కొనడం కాదు.
చేత్తో కీ ఇచ్చే పాతకాలపు రిస్ట్‌వాచ్. చంద్రుడి కళలు చూపించే చిన్న కిటికీ. ప్రపంచంలో ఇలాంటివి తొమ్మిదే మిగిలాయట.
సాయంత్రం క్లినిక్‌లో పన్ను డ్రిల్ చేస్తూ కూడా ఆ తొమ్మిది గురించే ఆలోచించాను. పేషెంటు "ఆఁ! ఆఁ!" అన్నాడు. పక్క పన్ను మీద పెట్టానట.

8, శనివారం
వేలానికి ముందు ప్రదర్శన. ప్రవేశం ఉచితం. ఉచితంగా వచ్చే జ్ఞానాన్ని కాదనడం అహంకారం.
గ్లవ్స్ వేసుకున్న అమ్మాయి వాచీని నా చేతికి పెట్టింది. "మీ కోసమే చేసినట్టుంది సార్" అంది. నా ముందున్నాయనతోనూ అదే అంది. అప్పుడు మాత్రం గొంతులో నిజాయితీ లేదు.

10, సోమవారం
ఒట్టును శాంతంగా పరిశీలించాను. 'నేను' కొనను. బావమరిది కొనకూడదని అందులో ఎక్కడా లేదు. ఇంటి నుంచే ఫోన్లో వేలం పాడతాడు.
"ఎంతదాకా పాడను బావా?"
"ఎంతైనా సరే. వదలకు."
"డబ్బు?"
"వంటగదిది ఉంది. తర్వాత పాత వాచీలు నాలుగు అమ్మి మళ్లీ పెట్టేస్తా."
"అక్కకి తెలిస్తే నిన్ను వదిలేసి నన్ను వాయిస్తుంది."
"అంత పిరికివాడివేంట్రా!"

14, శుక్రవారం
ఉదయం: వేలానికి వెళ్లను. అవసరం లేదు.
10.30: వెళ్తాను. వెనక వరుసలో కూర్చుంటాను.
11.00: వెనక ఉక్కగా ఉంది. ముందు వరుసకు వచ్చాను. నంబరు వేసిన అట్ట ఇచ్చారు. విసురుకోవచ్చు.

సాయంత్రం: జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.
హాల్లో ఒక కళ్లద్దాల పెద్దాయన పాడాడు. ఫోన్ల మీద ఇద్దరు పాడారు. ఎవరెవరో మనకు తెలియదు. మధ్యలో ఒక ఫోను పెట్టేశారు. మా పిరికివాడే! ఖాయం! కాసేపటికి పెద్దాయన కూడా తల అడ్డంగా ఊపాడు. రెండో ఫోనువాడికి వాచీ పోతోంది. సుత్తి లేచింది.
చెయ్యెత్తాను.
ఫోనువాడు పెంచాడు. నేను పెంచాను. వాడు పెంచాడు. ఎవడో పొగరుబోతు! అలా ధర రెట్టింపయింది. ఉన్నట్టుండి ఆ ఫోను ఆగిపోయింది. సుత్తి పడింది. గెలిచాను! హాలంతా చప్పట్లు!
బయటికి రాగానే బావమరిది ఫోను.
"సారీ బావా. హాల్లో ఎవడో పిచ్చోడు, ఎంత పెంచినా వదల్లేదు."
నంబరు అట్టను జేబులో దాచేశాను.
"మరెందుకు ఆపావు?"
"అక్క వచ్చింది. ఫోను లాక్కుంది."

15, శనివారం
"ఆ పిచ్చోడు మీరేనటగా" అంది మా ఆవిడ. కోపం లేదు. అదే భయంగా ఉంది. "నేను ఆ టైముకి వెళ్లకపోతే బావాబావమరుదులు కలిసి ఇల్లు కూడా పాడేసేవాళ్లు."
వంటగది డబ్బు మొత్తం పోయింది. రావద్దని వడ్రంగికి నా చేతే ఫోన్ చేయించింది. సింకు కింద బకెట్టు పారబోసే పని ఇకపై నాది. షరతు ఒక్కటే: వచ్చే వేలంలో ఈ వాచీ అమ్మాలి, వడ్రంగిని మళ్లీ పిలవాలి.
"ఒట్టు వేయనా?"
"వద్దు. మీ ఒట్టు నాకెందుకు?"

17, సోమవారం
వాచీని వేలం కంపెనీకి అప్పగించాను. రసీదు మా ఆవిడ తీసుకుంది.
ఇవాళ్టి నుంచి గడియారాలు కొనను. ఈసారి సంగతి వేరు. అమ్మేవాడిగా వెళ్తున్నాను! ఎంత పలుకుతుందో వినడానికి మాత్రమే కూర్చుంటాను. చెయ్యెత్తను.
ఎవడైనా మరీ అవమానకరమైన ధరకు పాడితే మాత్రం, వాచీ పరువు కోసం ఒక్కసారి. ఒక్కసారే.