సిపాయి పేరు మీద వార్నిష్

దసరా మరునాడు, రాత్రి

జూబ్లీ హిల్స్ ప్రొడ్యూసర్ అమ్మకానికి పెట్టిన పాత సిపాయి రైఫిల్, రాగి క్యాప్ పెట్టి పేల్చేది, రెండు నెలలు నూనెగుడ్డతోనే తుడిచిన. తుపాకి కట్టె మీద ఆ సిపాయి కత్తితో గీసుకున్న పేరుంది, దాని విలువంత ఆ పేరుదే, దాన్ని జర గూడ అరగనియ్యలే. ఆయుధపూజకు మెరవాలని ప్రొడ్యూసరే తన డ్రైవర్‌తో సాండ్‌పేపర్ పెట్టి రుద్దించి, వార్నిష్ కొట్టించిండు. పేరు పోయింది.

ఇయ్యాల కొనేటాయన వచ్చి, కట్టె తడిమి చూసి, "ఎవరు చేశారండీ ఈ పని?" అని అడిగిండు.

ప్రొడ్యూసర్ నా దిక్కు చూపించిండు. "ఇతనేనండీ, తెలీక చేశాడు."

ఒళ్లు మండింది. పక్కన నిలబడ్డ డ్రైవర్ గోళ్లల్ల వార్నిష్ ఇంకా కనవడుతనే ఉంది. ముప్పై ఏండ్లసంది తుపాకులు బాగుచేస్తున్న.

మరి నేనేమన్న? "తప్పయింది సార్" అన్న.