అక్క సరిగ్గానే నొక్కింది

ప్రియమైన అక్కకు,

చెల్లెలు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మా ఆయన, పిల్లది క్షేమం. నేను మాత్రం కాదు. వారం రోజులుగా నాకు ఒళ్లు మండిపోతోంది, కాబట్టి ఉత్తరం ఘాటుగానే ఉంటుంది. మంచినీళ్లు పక్కన పెట్టుకుని చదువు. అక్కడ బావ బాగున్నాడనే అనుకుంటున్నాను. నీ సంగతి అడగను, నాకు తెలుసు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. పిల్లదాని దగ్గు తగ్గింది. వంటింటి కిటికీ ఇంకా బాగుచేయించలేదు, అట్టముక్క అడ్డం పెట్టి నెట్టుకొస్తున్నాం. ఇక, "ఈ వయసుకే వేళ్లు మొద్దుబారతాయా, నీకేమైనా తెలుసా?" అని అడిగావు చూడు, దానికి జవాబే ఈ ఉత్తరమంతా.

నీ ఉత్తరం చదివిన రాత్రి నాకు అన్నం సహించలేదు. మీ కోర్టులో సాక్షి బోనెక్కిన ఆ ఇల్లాలి ముఖం నేను చూడనైనా లేదు, అయినా కళ్లముందే ఉంది. మొగుడు తనను ఏం చేశాడో చెప్పడానికి ఆమెకు పొద్దున్నంతా పట్టిందన్నావు. ఆమె చెప్పిందంతా నువ్వు తలెత్తకుండా టైపు చేశావు. ఎప్పటిలాగే సేవ్ చెయ్యడానికి మధ్యమధ్యలో కంట్రోల్‌తో ఎస్ నొక్కుతూనే ఉన్నావు. కరెంటు పోయి వచ్చేసరికి ఒక్క ముక్క మిగల్లేదు. జడ్జిగారు "సేవ్ చెయ్యలేదామ్మా?" అన్నారు. "చేశానండీ" అంటే ఎవరూ నమ్మలేదు. మళ్లీ మొదటినుంచి చెప్పమంటే, సగం చెప్పి, "ఇంక నావల్ల కాదు" అని ఆమె బోనులోనే కూలబడింది. వాయిదా వేశారు. నువ్వు బాత్రూంలోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చావు. తప్పంతా నీదేననీ, నెలాఖరుకు రాజీనామా ఇస్తాననీ రాశావు. ఎవరికీ చెప్పకు, బావకు కూడా తెలియదు అన్నావు.

నాకు ఎక్కడ కాలిందంటే, మీ కోర్టులో టైపు చెయ్యడానికి కొత్తగా పెట్టిన ఆ ఎడిటర్ సాఫ్ట్‌వేర్ మా కంపెనీదే. "మా చెల్లెలు చేసింది" అని నువ్వు అందరికీ చూపించి మురిసిపోయావు.

నీ ఉత్తరంలో ఒక వాక్యం నన్ను పట్టుకుంది. "ఒక్కోసారి సేవ్ అవుతుంది, ఒక్కోసారి అవదు. అంటే నేనే సరిగ్గా నొక్కడం లేదు." మర్నాడు ఆఫీసుకు వెళ్లగానే నా కీబోర్డును మన అక్షరాలకు మార్చి, నాలుగు ముక్కలు టైపు చేసి, కంట్రోల్ ఎస్ నొక్కాను. ఏమీ జరగలేదు. సేవ్ కాలేదు సరే, కాలేదని చెప్పనూ లేదు. ఇంగ్లీషుకు మార్చి అదే మీట నొక్కితే బుద్ధిగా సేవ్ అయింది.

సంగతేమిటంటే, మన అక్షరాలు పెట్టుకున్నప్పుడు ఎస్ మీట మీద ఏత్వం ఉంటుంది కదా. నువ్వు కంట్రోల్‌తో కలిపి నొక్కినా మా ఎడిటర్‌కు ఏత్వమే కనిపిస్తుంది. ఏత్వంతో నాకేం పని అని అది ఊరుకుంటుంది. కేసు నంబరో, ఇంగ్లీషు పేరో కొట్టి, ఇంకా ఇంగ్లీషులోనే ఉండగా నొక్కినప్పుడు పనిచేసేది. మీట అదే, వేలు అదే, చోటు అదే. నువ్వు బట్టలు మార్చుకుని వస్తే బావ తలుపు తీసి "ఎవరు కావాలండీ?" అన్నట్టుంది. నీ వేళ్లకు ఏ రోగమూ లేదు.

పాత ఫిర్యాదులు వెతికితే దొంతరలు దొంతరలుగా బయటపడ్డాయి. మన లిపివాళ్లవే కాదు, ఏవేవో లిపులవాళ్లవి. అందరికీ ఒకటే జవాబు రాసి మూసేశారు: ఇంగ్లీషుకు మార్చి నొక్కండి.

మా టీము పెద్దాయన దగ్గరికి వెళ్లి, మా అక్కకూ ఇలాగే అవుతోందని చెప్పాను. ఆయన టీ కప్పులోంచి తలెత్తకుండానే, "మీ అక్కగారికి కూడా అదే చెప్పండి. ఒక్క మీట ఎక్కువ, అంతేగా" అన్నాడు.

"సాక్షి ఏడుస్తూ చెబుతుంటే, మా అక్క భాష మార్చి, సేవ్ చేసి, మళ్లీ మార్చుకోవాలా? ఈలోగా ఆమె చెప్పింది ఎవరు వింటారు?"

"అలా వాడేవాళ్లు ఎంతమందండీ?" అన్నాడు.

అక్కా, చేతిలో ఉన్న నీళ్ల సీసా ఆయన నెత్తిన కుమ్మరించకుండా ఎలా ఆపుకున్నానో నాకే తెలియదు. వాడలేకపోతున్నామని మొత్తుకున్నవాళ్లందరి నోళ్లూ మూయించి, వాడేవాళ్లు లేరంటాడు.

ఇప్పుడు నీకు చెప్పక తప్పని సంగతి. ఇందాకటినుంచీ దాటేస్తున్నాను. ఆ మధ్యాహ్నం మీటింగులో లేచి నిలబడి నీ ఉత్తరం అందరి ముందూ చదివేశాను. ఆమె కూలబడింది చదివాను. నువ్వు కుళాయి తిప్పి ఏడ్చింది కూడా చదివాను. ఎవరికీ చెప్పకు అన్న వాక్యం దాకా వచ్చి, అప్పుడు ఆగాను. నువ్వు సిగ్గుతో చచ్చిపోతావని తెలుసు. అయినా చదివాను.

ఆ పెద్దాయనే, "ఆ సాక్షి మళ్లీ చెప్పారా?" అని అడిగాడు. లేదన్నాను. ఆయన కప్పు పక్కన పెట్టి, "ఈ పని ముందు తీసుకోండి" అన్నాడు. రెండు రోజుల్లో అయిపోయింది. ఎడిటర్ ఇప్పుడు ముందు అక్షరం చూస్తుంది, ఆ అక్షరం తనకు తెలియకపోతే మీట ఏ చోటిదో చూసి, ఎస్ మీటేనని గుర్తుపట్టి సేవ్ చేస్తుంది. ఇంతే. ఇంతోటి దానికి మా అక్క ఏడుపు పదిమందికీ వినిపించాల్సి వచ్చిందని నాకు ఇంకా మంటగానే ఉంది.

నీమీదా కోపమే. ఎవరో తవ్విన గోతిలో పడి, నా నడకే బాగాలేదని లెంపలు వేసుకుంటావేమిటి? చిన్నప్పుడు వీధి కుక్క నా గౌను చింపితే, దాన్ని సందు చివరిదాకా తరిమి కొట్టిన మనిషివి.

కొత్త ఎడిటర్ వచ్చే వారం మీ కోర్టుకు చేరుతుంది. తప్పు టైపిస్టుది కాదు, మాది అని కంపెనీ తరఫున జడ్జిగారికి ఉత్తరం వెళ్లింది. ఆ సాక్షికి కూడా క్షమాపణ చెప్పాలని నేను ఒక వాక్యం రాస్తే, బాగుండదని కొట్టేశారు. దానిమీద ఇంకా పోట్లాడుతున్నాను.

రాజీనామా రెండుసార్లు టైపు చేస్తే రెండుసార్లూ పోయిందని రాశావు. మా ఎడిటర్ చేసిన మంచిపని అదొక్కటే. ఇకమీదట నువ్వు నొక్కింది నొక్కినట్టు సేవ్ అవుతుంది. రాజీనామా అయినా సరే, నేనేం అడ్డుపడలేను. కానీ వాయిదా రోజున ఆమె మళ్లీ ఆ బోనెక్కుతుంది. అప్పుడు ఆ కుర్చీలో ఆమె మాట ఇదివరకు విన్న మనిషి ఉండాలి. ముందు ఆమె చెప్పేది టైపు చేసి, సేవ్ చెయ్యి. ఆ తర్వాత నీ ఇష్టం.

బావకు ఈ ఉత్తరం నువ్వే చదివి వినిపించు. నన్ను ఎంత తిట్టుకున్నా పడతాను, జవాబు మాత్రం రాయి.

ఇట్లు,
నీ మాట దాటిన
చెల్లెలు