సింహాచలాన్ని పంపించే ముందు చూడవలసినవి

ఫిల్మ్‌నగర్,
మంగళవారం.

అన్నయ్యకు, నీ చెల్లెలు రాధ నమస్కారాలు.

ఆదివారం ఫోనులో నువ్వు అన్న మాట నా మనసులోంచి పోవడం లేదు. జీడిపప్పు ఆరబెట్టే గదిలో వేడి చూసేందుకు నేను పెట్టించిన చిన్న కంప్యూటరు లేవడం మానేసిందని చెప్పావు. నేను పంపిన కొత్త మెమరీ కార్డును అందులో పెట్టింది మన ఫ్యాక్టరీలో పనిచేసే సింహాచలమే కనుక పాడుచేసింది కూడా అతనేనన్నావు. "వాడి చెయ్యి పడితే ఏదీ బతకదు" అని, నెల తిరగగానే పనిలోంచి తీసేస్తానన్నావు. నెల తిరగడానికి ఇంక ఎక్కువ రోజులు లేవు. నేను ఏదో చెప్పబోతే "ఆఁ, ఆఁ, చూద్దాంలే" అంటూ ఫోను పెట్టేశావు. అందుకే ఇప్పుడు, ఇలా, తీరికగా ఉత్తరం రాయవలసి వచ్చింది. దీన్ని చివరిదాకా చదివి, ఆ తర్వాతే అతని సంగతి నిర్ణయించమని నా మనవి.

మీరంతా ఎలా ఉన్నారు? వదినకు జలుబు తగ్గిందా? పాప ఏడవకుండా బడికి వెళుతోందా? పలాసలో వానలు పట్టుకున్నాయని విన్నాను. గింజల బస్తాల మీద టార్పాలిన్లు కప్పించే ఉంటావు. నా గురించి బెంగ పెట్టుకోవద్దు. నేను బాగానే ఉన్నాను. మాటవరసకు అనడం లేదు, నిజంగానే బాగున్నాను.

షేక్‌పేటలో అద్దెకు తీసుకున్న గది చిన్నదే గాని గాలి వస్తుంది. ఇంటావిడ మల్లమ్మగారు కింది భాగంలో ఉంటారు. నేను మెట్లెక్కే చప్పుడు వింటే చాలు, "ఒక్కదానివి ఏం వండుకుంటవ్ బిడ్డా, గింత తిని పో" అని సర్వపిండి ముక్క చేతిలో పెడతారు. మొదట్లో మొహమాటపడేదాన్ని. ఇప్పుడు మెట్లు కొంచెం చప్పుడు చేసుకుంటూనే ఎక్కుతున్నాను. ఇక్కడి వాన మన వానలా ముసురు పట్టదు. సాయంత్రం ఒక్కసారిగా కురిసి, ఫిల్మ్‌నగర్ వాలు మీద నీళ్ళన్నీ మా షేక్‌పేట వైపు పరుగెత్తించి, ఏమీ ఎరగనట్టు ఊరుకుంటుంది. ఆదివారం సాయంత్రాలు మాత్రం కాస్త పొడుగ్గా ఉంటాయి. ఆ పూట మీ ఫోను వస్తే సరిపోతుంది.

ఇక అసలు సంగతి. ఇక్కడ ఫిల్మ్‌నగర్‌లోని మా వర్క్‌షాపు సినిమా సెట్లకు దీపాల ఏర్పాట్లు చేస్తుందని నీకు తెలుసు. ఈమధ్య ఒక స్టూడియో ఫ్లోరులో వీధి సెట్టు వేశారు. అట్టలు, ప్లైవుడ్డుతో కట్టిన వరస ఇళ్ళు. ఒక్కొక్క ఇంటి వెనకా మన పప్పు గదిలో ఉన్న కంప్యూటరులాంటి చిన్న బోర్డు పెట్టాము. ఏ కిటికీలో దీపం ఎప్పుడు వెలగాలో, ఎంత మసకగా వెలగాలో అది చూసుకుంటుంది. వాటన్నిటిలో, కంప్యూటరును నడిపించే లినక్స్ అనే సాఫ్ట్‌వేరు ఎక్కించి, ఇంటింటికీ బిగించింది మా యాదగిరి. నాకంటే వయసులో పెద్దవాడు. లైటు బాయ్‌గా చాలా కాలం పనిచేసి, మా దగ్గర ఈ పని నేర్చుకున్నాడు. తనే బాధ్యుడిగా చేసిన మొదటి సెట్టు ఇది.

షూటింగు మొదటి రోజు పొద్దున్నే పూజ జరిగింది. కొబ్బరికాయ, హారతి, కెమెరాకు బొట్టు, అన్నీ పద్ధతి ప్రకారమే. పూజ అయ్యాక మెయిన్ వేశారు. వీధంతా వెలిగింది, మూడు ఇళ్ళు తప్ప. అవి పక్కపక్కనే ఉన్నాయి, సరిగ్గా కెమెరా చూసే చోట.

ప్రొడక్షన్ మేనేజరు సూర్రాజుగారు గోదావరి మనిషి. మనసు మంచిది, గొంతు పెద్దది.

"ఏంటమ్మా ఇదీ! హీరోగారు కేరవాన్ దిగారండీ! మూడిళ్ళ వాళ్ళూ ఊరెళ్ళారని చెప్పమంటారా డైరెక్టరుగారికి?"

యాదగిరి ముఖం పాలిపోయింది. "సార్, జర ఆగుండ్రి. నిన్న పొద్దుగూకే యాళ్లకు అన్నీ మంచిగనే ఎలిగినయ్. మీరు గూడ సూసిండ్రు గదా."

"చూశానయ్యా. తర్వాత నువ్వే కదా ఏదో కెలికావు! ఇందులో చెయ్యి పెట్టింది నువ్వు తప్ప ఇంకెవరూ? ప్యాకప్ అయ్యాక నీ సామాను సర్దుకో. రేపట్నుంచి ఇంకొకర్ని పంపమంటాను."

అన్నయ్యా, ఆ మాట వినగానే నువ్వే గుర్తుకొచ్చావు. కోపం తెచ్చుకోకు.

ఇక్కడ నీకు ఒక్క విషయం వివరించాలి. ఈ బోర్డుకు కరెంటు అందగానే లినక్స్ తనంతట తాను లేవదు. ముందు బూట్‌లోడర్ అనే చిన్న ప్రోగ్రాం లేస్తుంది. మన ఫ్యాక్టరీలో అందరికంటే ముందు వచ్చి షట్టరు ఎత్తి, లైట్లు వేసి, ఆడవాళ్ళను లోపలికి పిలిచే మనిషి ఉంటాడు చూడు, అలాంటిదన్నమాట. అది కార్డులో లినక్స్ ఎక్కడుందో వెతికి, దాన్ని లేపి, తను పక్కకు తప్పుకుంటుంది. అయితే దానికి ఒక మర్యాద ఉంది. లేపబోయే ముందు కొద్ది క్షణాలు ఆగి, ఎవరైనా తనతో మాట్లాడతారేమోనని చూస్తుంది. ఒక్క అక్షరం వినిపించినా పని ఆపేసి, ఆజ్ఞ కోసం నిలబడిపోతుంది. బాగుచేసేవాళ్ళ సౌకర్యం కోసం పెట్టిన ఏర్పాటు అది.

యాదగిరి చేత మొదట మూడో ఇంటి కార్డు తీయించి, వెలుగుతున్న ఇంటి కార్డు పెట్టించాను. లేవలేదు. కార్డు తప్పు కాదన్నమాట. కరెంటు తీగ మార్పించాను. లేవలేదు. అప్పుడు చిన్న తెర ఒకటి తగిలించి చూస్తే, బూట్‌లోడర్ చక్కగా లేచే ఉంది. లేచి, తనకెవరో ఆజ్ఞలు ఇస్తున్నారనుకుని, "ఈ ఆజ్ఞ నాకు తెలియదు, ఈ ఆజ్ఞ నాకు తెలియదు" అని తెరనిండా అదే మాట రాసుకుంటూ పోతోంది. ఎవరమూ ఏమీ నొక్కలేదు. మరి దానితో మాట్లాడుతున్నది ఎవరు?

ఫోను టార్చి వేసి బోర్డు మీదికి వంగి చూశాను. అంచున వరసగా నిలబడ్డ సూదుల్లాంటి పిన్నులుంటాయి. వాటిలో ఒకటి బోర్డు మాట్లాడేందుకు, దాని పక్కది వినేందుకు. సరిగ్గా ఆ రెండింటి మీదా గుండ్రంగా, తడి ఆరకుండా, పసుపూ కుంకుమా కలిపిన బొట్టు! ఆ తడి గుండా అది మాట్లాడిన మాట దానికే తిరిగి వినిపిస్తోంది. ఎవరో పిలుస్తున్నారనుకుని పాపం లినక్స్‌ను లేపకుండా అక్కడే నిలబడిపోయింది. మిగతా ఇళ్ళలో బోర్డులుంచిన డబ్బాలకు మూతలున్నాయి. ఈ మూడింటికీ మూతలు ఇంకా రాలేదు. భక్తితో ఎవరో ఒక్కొక్క మిషనుకూ వరసగా బొట్టు పెట్టుకుంటూ వచ్చి, మూత లేనిచోట ఏకంగా బోర్డు నుదుటనే పెట్టేశారు.

యాదగిరి నా భుజం మీదుగా చూసి గొంతు తగ్గించాడు. "మేడమ్, గీ బొట్టు ఎవలు వెట్టిన్రో ఎర్కేనా?"

తల ఎత్తి చూశాను. ఎదురుగా సూర్రాజుగారు చెయ్యి ఊపుతూ ఎవరినో కేకలేస్తున్నారు. ఆయన ఉంగరపు వేలు ఎర్రగా ఉంది.

"ఎరుకే. ముందు దూది తెప్పించండి" అన్నాను.

మేకప్ గదిలోంచి దూదీ, స్పిరిటూ వచ్చాయి. కరెంటు తీసి, యాదగిరి మూడు బోర్డులనూ పసిపిల్ల ముఖం తుడిచినంత జాగ్రత్తగా తుడిచాడు. ఆరనిచ్చి మళ్ళీ వేశాడు. మూడు ఇళ్ళూ వెలిగాయి. సెట్టులో ఎవరో ఈల వేశారు.

"ఏం చేశారమ్మా?" అంటూ సూర్రాజుగారు వచ్చారు. ఆయన చుట్టూ పదిమంది ఉన్నారు. "తడి చేరిందండీ. మూతలు లేకపోవడం వల్ల. యాదగిరిగారు ఎక్కించిన దాంట్లో లోపం ఏమీ లేదు. మూతలు ఈరోజే తెప్పిస్తాను. ఇకమీదట బొట్టు మూత మీద పెడదాం" అన్నాను. అంతకంటే ఎక్కువ చెప్పవలసిన అవసరం కనిపించలేదు. ఆయన నా వైపు చూశారు, దూది వైపు చూశారు, ఆ తర్వాత తన వేలి వైపు చూసుకున్నారు. జేబురుమాలు తీసి ఆ వేలిని తుడుచుకున్నారు.

చివరికి, "ఏవయ్యా యాదగిరీ, టిఫినైనా చేశావా లేదా? పెసరట్టు వేడిగా ఉంది, పద" అన్నారు.

"తింట సార్. గానీ సామాను సర్దుకోమన్నరు గదా?"

"సర్దుకో, సర్దుకో. టిఫిన్ ప్లేట్లో సర్దుకో!"

అందరూ నవ్వారు. ఆ మధ్యాహ్నమే ఆ బోర్డులన్నిటిలోనూ పిన్నుల మీద వచ్చే మాటను పట్టించుకోవద్దని బూట్‌లోడర్‌కు నేర్పించి వచ్చాను.

ఇప్పుడు మన గది సంగతి. మన బోర్డు కూడా బొట్టు వల్లే లేవడం లేదని నేను అనడం లేదు. చూడకుండా తప్పును మనిషి మీద పెట్టవద్దని మాత్రమే అంటున్నాను. నిన్న సింహాచలానికి ఫోను చేశాను. "నానేటీ ముట్టలేదు తల్లీ. కార్డు ఎట్టమన్నారు, ఎట్టినాను. అన్నగారు నా మొకం సూడ్డం మానేసినారు" అన్నాడు. నీ పెళ్ళికి అరటి గెలలన్నీ ఒక్కడే మోసిన అతను, భోజనం దగ్గర మాత్రం కనిపించకపోతే నువ్వే వెతికి తెచ్చి నీ పక్కన కూర్చోబెట్టుకున్నావు.

కాబట్టి ఈ పనులు అతని చేతే, నువ్వు పక్కన నిలబడి చేయించు. ముందుగా చార్జరు చూడు. నేను పంపిన దాని తీగ లావుగా ఉంటుంది. దాని బదులు ఎవరైనా సెల్‌ఫోను చార్జరు పెట్టి ఉంటే, బోర్డు మీద ఎర్ర దీపం వెలుగుతుంది గాని లేచే బలం చాలదు. చార్జరు సరైనదే అయితే, కరెంటు తీసి, పాత కార్డు పెట్టి చూడండి. పాత కార్డుతో లేస్తే తప్పు కొత్త కార్డులో ఉన్నట్టే. దాన్ని తయారుచేసింది ఇక్కడ, నా బల్ల మీద, నేను. ఒక రకం బోర్డుకు రాసిన బూట్‌లోడర్ ఇంకో రకాన్ని లేపలేదు, నా బల్ల మీద రెండు మూడు రకాలు ఉంటాయి. పాత కార్డుతోనూ లేవకపోతే, ఆఫీసు గదిలోని టీవీకి తగిలించి, తెర మీద ఏముందో ఫోటో తీసి పంపించు. నల్లగా ఏమీ లేకపోయినా సరే, ఆ నలుపునే ఫోటో తీయి. అదీ ఒక సమాచారమే. కార్డు దూర్చే చోట వంగిన రేకులు కనిపిస్తే అదీ దాచకుండా చెప్పు. అలా కనిపిస్తే అది అతని చేతి బలమే కావచ్చు. అయినా బోర్డు మళ్ళీ కొనుక్కోవచ్చు.

వదినను అడిగి కొంచెం ఉల్లావకాయ పంపించు. మల్లమ్మగారికి మన బద్ద జీడిపప్పు రుచి చూపిస్తానని మాట ఇచ్చాను, అదీ ఒక పొట్లం. పెద్దమ్మకూ, చిన్నాన్నగారికీ నా నమస్కారాలు చెప్పి, నన్ను దీవించమన్నానని చెప్పు. పాపకు ముద్దులు. వీధి సెట్టు ఫోటోలు ఫోనులో పంపిస్తాను, ఆ ఇళ్ళకు వెనక గోడలు లేవని దానికి చెప్పకు.

అన్నయ్యా, మన బోర్డు ఎందుకు లేవడం లేదో నాకు ఇంకా తెలియదు. చార్జరు కావచ్చు, నా కార్డు కావచ్చు, సింహాచలం చెయ్యి కావచ్చు. ఇక్కడ కూర్చుని తేల్చలేను. అక్కడ నీకూ తెలియదు.

నీ దీవెన కోరుతూ,
చెల్లెలు
రాధ