నాలుగో మట్టి ముద్ద

జూన్ 8, ఆదివారం

రూమ్ మారాను. మోరిస్‌విల్‌లోనే, భీమశంకరం బాబాయ్ టౌన్‌హౌస్. బాబాయ్ అంటే నాన్నకి పినతండ్రి కొడుకు. నేను పనిచేసేది కూడా ఆయన ఇండియన్ స్టోర్‌లోనే, బియ్యం బస్తాలు దించడం, షెల్ఫులు సర్దడం. లెవెన్త్‌లో స్కూల్ మానేసినోడికి ఇంతకంటే ఏం దొరుకుతుందిలే అంది చాముండేశ్వరి పిన్ని. తాళంచెవి చేతిలో పెడుతూ అంది.

ఇంట్లో ఇంకొకతను ఉన్నాడు. క్వాగు. స్టోర్‌లో లోడింగ్ అంతా అతనే చూస్తాడు. ముప్పై ఐదుంటాయి. టోగో అనే దేశంలో ఉత్తరాన ఏవో కొండలట. పదేళ్ళొచ్చేదాకా బస్సు చూడలేదన్నాడు. వాళ్ళ జాతి పేరు రెండుసార్లు చెప్పించుకున్నాను. రాయడం రావట్లేదు. గ్రీన్ కార్డ్ లాటరీ తగిలి మూడేళ్ళ క్రితం వచ్చాడు.

గుమ్మం పక్కన, మొక్కల మొదట్లో మల్చ్ అని చెక్కపొట్టు వేసిన చోట, మూడు మట్టి ముద్దలున్నాయి. ఒకటి కొబ్బరికాయంత, రెండు చిన్నవి. నున్నగా, పైకి సన్నగా. ఎవరు చేశారో తెలీదు.

జూన్ 11

అతనే. పనికి వెళ్ళే ముందు వాటి మీద నీళ్ళు చల్లి, వంగి, వాటితో ఏదో చెప్పాడు. నన్ను చూసి నవ్వాడు. నేను నవ్వలేదు.

జూన్ 15

శశికాంత్‌కి ఫోన్ చేశాను. నాకు ముందు ఈ రూమ్‌లో ఉన్నవాడు. ఇప్పుడు కాపెల్ అనే ఊళ్ళో వాళ్ళ అన్న ఇంట్లో ఉంటున్నాడు. ఆ ఇంట్లో నాలుగు నెలలున్న మామా, లేఆఫ్ అయింది అన్నాడు. వాడికి ముందున్నవాడికి యాక్సిడెంట్‌లో కార్ టోటల్ అయిందట, బాగుచెయ్యడానికి లేకుండా. ఆ ముందువాడు H-1B వీసా మూడుసార్లూ రాక ఇండియా వెళ్ళిపోయాడట.

మట్టి ముద్దల గురించి అడిగాను. నేనున్నప్పుడైతే లేవురా అన్నాడు. క్వాగునా, పాపం మంచోడు, జ్వరమొస్తే గంజి కాచి పెడతాడు అన్నాడు. లేఆఫ్ అయినోడికి అందరూ మంచోళ్ళే.

ముగ్గురు మనుషులు. వాళ్ళు వెళ్ళాక మూడు ముద్దలు.

జూన్ 19

సరుకు పాలెట్ దించుతుంటే నేను పుట్టిన వారం అడిగాడు. గురువారం అని చెప్పేశాను. అమ్మ పేరు అడిగాడు. రాగిణి అని అదీ చెప్పేశాను. ఎందుకు అంటే, ఒకే ఇంట్లో ఉంటున్నాం, తెలిసుండాలి కదా అన్నాడు.

ఇవి బ్యాంక్ వాళ్ళు అడిగే ప్రశ్నలు. నా అకౌంట్‌లో దోచుకోవడానికి ఏమీ లేదు. మరి ఎందుకు.

జూన్ 22

కిటికీలోంచి చూశాను. గుమ్మం దగ్గర విప్పిన నా షూ చేతిలోకి తీసుకున్నాడు. అడుగున అంటిన మట్టిని స్పూన్‌తో గీకాడు. పేపర్ టవల్‌లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

కాలి కింద మట్టి ఎవరి చేతా పడనివ్వకూడదని నాయనమ్మ చెప్పేది. అప్పట్లో ఆవిడ మీద జోకులేసేవాణ్ణి.

జూన్ 24

వీడియో కాల్. వాళ్ళ నాన్నట. తలకి ఊలు టోపీ, వెనక రాళ్ళ గోడ, ఒక మేక. క్వాగు ఫోన్ తెచ్చి నా మొహం ముందు పెట్టాడు. ముసలాయన చాలాసేపు చూసి, పళ్ళు చూపించమని సైగ చేశాడు. చూపించాను. ఎందుకు చూపించానో తెలీదు. ఇద్దరూ వాళ్ళ భాషలో ఏదో అనుకుని నవ్వుకున్నారు. ఏమంటున్నాడు అని అడిగాను. సన్నగా ఉన్నాడు గానీ పనికొస్తాడు అన్నాడట.

దేనికి.

జూన్ 27, పొద్దున

నాలుగో ముద్ద వచ్చింది. ఇంకా తడిగానే ఉంది.

జూన్ 27, మధ్యాహ్నం 3

పని మధ్యలో వదిలేసి వచ్చాను. అతను లేనప్పుడు దగ్గరికెళ్ళి చూశాను. పాత మూడింటికీ పైన జొన్నల్లాంటి గింజలు గుచ్చి ఉన్నాయి. కొత్తదానికి బియ్యం. మా స్టోర్ సోనా మసూరి.

అంటే నేనే.

కాలితో తన్నాను. రెండో తన్నుకి విరిగింది. లోపల జుట్టు లేదు, సూది లేదు, నిమ్మకాయ లేదు. మట్టి, అంతే. పిన్నికి ఫోన్ చేశాను.

జూన్ 28

నిన్న ఫోన్‌లో పిన్నికి ఉన్నదీ చెప్పాను, లేనిదీ చెప్పాను. మట్టి ముద్దలు అంటే ఊ కొడుతోంది, వెనక సీరియల్ వినిపిస్తోంది. కోడి రక్తం చూశాను అన్నాను. చూడలేదు. సీరియల్ ఆగిపోయింది.

ఇవాళ సాయంత్రం ఇద్దరూ వచ్చారు. బాబాయ్ కార్ దిగకుండానే క్వాగుని పిలిచి, జూలై ఆఖరికల్లా ఖాళీ చెయ్యమన్నాడు. HOA, కాలనీ అసోసియేషన్ వాళ్ళు కంప్లైంట్ ఇచ్చారు, నా చేతిలో ఏం లేదు అన్నాడు. వాళ్ళెవరూ ఏమీ ఇవ్వలేదు. పిన్ని గుమ్మం వైపు చూడకుండా కళ్ళు మూసుకుని ఏదో స్తోత్రం చదువుకుంది.

క్వాగు సరే సర్ అన్నాడు. తర్వాత విరిగిన ముద్ద పక్కన కూర్చున్నాడు. చాలాసేపు.

పీడ వదిలింది. ఇవాళ నిద్ర పడుతుంది.

జూన్ 29

పట్టలేదు.

జూలై 2

క్వాగు ఉప్పు మానేశాడు. చప్పటి గంజి, ఉత్త అన్నం. నాతో మామూలుగానే మాట్లాడుతున్నాడు గానీ, ఫణీ అని పిలవడం మానేశాడు. ఏయ్ అని కూడా అనట్లేదు. దగ్గరికొచ్చి నిలబడి నేను చూసేదాకా ఆగుతున్నాడు. ఇదేదో రెండో ప్లాన్.

జూలై 5

బ్రేక్‌లో అడిగేశాను. నన్నేం చేద్దామనుకుంటున్నావ్ అని.

అతనికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చాలాసేపు చెప్పాడు, నేను మధ్యలో ఆపుతూనే ఉన్నాను. వాళ్ళ కొండల్లో ఇల్లు కూడా మనిషి లాంటిదేనట. గుమ్మం దాని నోరు. లోపల తినేవాళ్ళు ఎవరో దానికి తెలియాలి, లేకపోతే వచ్చిన ప్రతిసారీ పరాయివాణ్ణి చూసినట్టు చూస్తుంది. అందుకని మనిషికొక ముద్ద. అతను తొక్కిన మట్టి కలపాలి. అమ్మ పేరు, పుట్టిన వారం చెప్పాలి. పైన అతను తినే గింజ పెట్టాలి. ఇంటి పెద్ద ఒప్పుకోవాలి, అందుకే నిన్ను నాన్నకి చూపించాను అన్నాడు. పళ్ళెందుకు అన్నాను. అది నాన్న వేళాకోళం, మేకల్ని కొనేటప్పుడు అలా చూస్తారు అన్నాడు.

పెద్దది అతనిది. చిన్నవి భార్యవి, కూతురివి. వచ్చేసరికి ఇంటికి వాళ్ళు తెలిసుండాలని ముందే చేశాడట. ఆగస్టులో వాళ్ళకి వీసా ఇంటర్వ్యూ. ఎక్కడుంటారు అని వాళ్ళని అడిగితే చూపించడానికి ఉన్నది ఈ లీజ్ ఒక్కటే. ఇల్లు పోతే మళ్ళీ మొదట్నుంచీ కాగితాలు అన్నాడు. పాపకి మూడేళ్ళు. ఫోన్‌లో తప్ప చూడలేదు.

మరి ఉప్పు అన్నాను. ముద్ద విరిగితే ఆ ఇంటికి ఆ మనిషి పోయినట్టే. నెల రోజులు ఉప్పు తినకూడదు, పేరు పలకకూడదు. నీ కోసమే అన్నాడు. ఏ కుక్కో విరగ్గొట్టి ఉంటుంది, ఇంకొంచెం గోడకి దగ్గరగా చెయ్యాల్సింది, తప్పు నాదే అన్నాడు.

కుక్క అన్నాడు.

జూలై 6

ఏప్రిల్‌లో నాన్న నన్ను ఫ్యామిలీ ఫోన్ ప్లాన్‌లోంచి తీసేశాడు. ఈ లైన్ రిమూవ్ చేశామని మెసేజ్ వచ్చింది. అప్పుడు మా ఇంట్లో ఎవరూ ఉప్పు మానలేదు.

జూలై 7

ఇల్లు కాపాడుకోవడానికి కథ అల్లాడేమో. లంచ్‌లో స్టోర్ వెనక చెత్త డంప్‌స్టర్ చాటున నిలబడి చూశాను. పిన్ని అందరికీ సమోసాలు పంచింది. క్వాగు కూడా తీసుకుని థాంక్యూ చెప్పాడు. వెనక్కొచ్చి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, ముక్కలు చేసి పిట్టలకి వేశాడు. వేలు కూడా నాకలేదు.

ఎవరూ చూడనప్పుడు కూడా నాటకం ఆడేవాడు ఉంటాడా.

జూలై 10

కుక్క కాదు, నేనే అని చెప్పాను. ఏ కాలితో అన్నాడు. కుడి కాలితో అన్నాను. తలూపాడు. అరిస్తే బాగుండేది. కోడి రక్తం చూశానని పిన్నికి అబద్ధం చెప్పింది కూడా నేనే అన్నాను. అది విని లేచి తన గదిలోకి వెళ్ళిపోయాడు. తలుపు మెల్లగా వేసుకున్నాడు.

జూలై 12

బాబాయ్ ఇంటికి వెళ్ళి రక్తం మాట అబద్ధమని చెప్పాను. బాబాయ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఎదవా, మూడేళ్ళుగా ఒక్క రోజు లేటుగా రాని మనిషిరా, నీ మాట నమ్మి పొమ్మన్నాను అన్నాడు. పిన్ని మాత్రం తగ్గలేదు. రక్తం లేకపోతే లేకపోయింది, మట్టి ముద్దకి మొక్కుతున్నాడా లేదా అంది. నువ్వు పసుపు ముద్ద చేసి తమలపాకులో కూర్చోబెట్టి వినాయకుడనట్లేదా అన్నాను. చదువు స్కూల్లోనే ఆగింది గానీ నోరు మాత్రం పీహెచ్‌డీ చేసింది అంది. అనేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఉండమను అన్నాడు బాబాయ్. HOA అన్నది కూడా అబద్ధమేనని నువ్వే చెప్పు, నా వల్ల కాదు అన్నాడు.

బయల్దేరుతుంటే పిన్ని గుప్పెడు ఉప్పు తెచ్చి నా చుట్టూ తిప్పింది. ఎందుకైనా మంచిదట.

జూలై 13

చెప్పాను. క్వాగు లీజ్ కాగితం తీసి, చివరి పేజీ దాకా మళ్ళీ చదువుకున్నాడు. మడిచి, భార్య వీసా ఫైల్‌లో పెట్టాడు.

నా ముద్ద మళ్ళీ చేస్తావా అని అడిగాను. తనకి తెలీదన్నాడు. వాళ్ళ నాన్నకి ఫోన్ చేశాడు. ఈసారి ముసలాయన నవ్వలేదు. ఆయన చెబుతుంటే ఇతను ఇంగ్లీష్‌లో చెప్పాడు. తన ముద్దని తనే తన్నుకున్నవాడు వాళ్ళ కొండల్లో ఒక్కడే, అదీ తాతల కాలంలో. పోయినవాణ్ణి ఇల్లు వెనక్కి తీసుకోదు. పుట్టినవాణ్ణే తీసుకుంటుంది. కాబట్టి పుట్టాలి. గుమ్మంలోంచి తల ముందు పెట్టి, చేతుల మీదా మోకాళ్ళ మీదా పాకి రావాలి. ఆ రోజంతా నడవకూడదు, మాట్లాడకూడదు, పని చెయ్యకూడదు.

ఆటపట్టిస్తున్నారేమోనని ఇద్దరి మొహాలూ చూశాను. తెలియలేదు.

జూలై 19, శనివారం, పొద్దున 8

పాకాను. గుమ్మం మెటల్ పట్టీకి మోకాలు గీరుకుంది. ఎదురింటి పాప అనిక సైకిల్ ఆపి, అంకుల్, మీకు ఏమైనా పోయిందా, నేను వెతకాలా అని అడిగింది. ఇరవై ఒక్కేళ్ళకే అంకుల్. మాట్లాడకూడదు కాబట్టి అడ్డంగా తలూపాను.

బాబాయ్ ఫోన్. క్వాగు తీశాడు. సర్, ఫణి ఇప్పుడే పుట్టాడు, సోమవారం పనికొస్తాడు అన్నాడు.

జూలై 19, మధ్యాహ్నం

మాట్లాడకూడదన్నారు. రాయకూడదని అనలేదు. వంటింట్లోంచి తాలింపు వాసన వస్తోంది. ఇవాళే పుట్టినవాణ్ణి కదా, ఏడిస్తేనే తిండి పెడతాడట క్వాగు. ఇంకో పది నిమిషాలు చూస్తాను.