మనిద్దరి మధ్యే తిరిగిన ఫోను

తమ్ముడూ,

చెప్పులు విప్పకముందే ఈ పని చెయ్యి. నీ సెల్లులో కాల్ ఫార్వర్డింగ్ తీసెయ్యి. ఇంటి ఫోనుకి పెట్టింది నేను తీసేశాను. ఫోను తగిలించిన ఇంటర్నెట్ పెట్టె ఆపి మళ్లీ వేస్తే పోతుందనుకున్నాను గానీ పోలేదు, అది కంపెనీవాళ్ల దగ్గరే ఉంటుందట. చివరికి స్టార్ ఏడు మూడు నొక్కితే పోయింది. నీకు ఫోన్ చేసి చెబుదామంటే నీది మోగి చావదు, నా సెల్లేమో ఇంకా రిపేరు షాపులోనే ఉంది. అందుకే ఈ చీటీ.

మధ్యాహ్నం ఆస్పత్రిలో నాన్నకి కాసేపు తెలివొచ్చిందట. పిల్లలతో మాట్లాడతానన్నాడట. నర్సు ఇంటికి చేస్తే అది నీ సెల్లుకి పోయింది, నీ సెల్లు మళ్లీ ఇంటికే పంపింది. "రెండు నంబర్లూ బిజీ అనే వస్తున్నాయండీ" అని ఆఖరికి అత్తకి చేసి చెప్పిందట. అత్త పరుగున వచ్చేసరికి నేను ఈ ఫోను పక్కనే కూర్చుని ఉన్నాను. ఈలోగా నాన్న మళ్లీ కళ్లు మూసేశాడు. పిలిస్తే పలకడం లేదట.

నేను వెళ్తున్నాను. లోపలికి ఒక్కరినే రానిస్తారు, నువ్వు ఇంట్లోనే ఉండు. అన్నం మూతపెట్టి ఉంచాను, ఇంత తిను.

నిన్ను తిట్టాలని ఉంది గానీ ఏ మొహం పెట్టుకుని తిట్టను? వంటింట్లో ఉంటే వినబడదని నీతో అన్నాను గానీ, చెడ్డ కబురేదైనా వస్తే ముందు నువ్వే వినాలని ఇంటి ఫోను నీ సెల్లుకి మళ్లించాను. నువ్వూ అందుకే పెట్టి ఉంటావు.

ఇంకోటి. ఇప్పుడు ఇంటి ఫోను మోగుతుంది. మోగితే ఆస్పత్రి నుంచి చేసేది నేనే. ఎత్తరా.