నలభై ఒకటో పేజీ

మామయ్యా,

మా ఫ్యాక్టరీ ఓట్లన్నీ మీ నాయకుడికే వేయించమని రాశావు. "కార్మికుల భద్రతే ఆయన ప్రాణం" అన్నావు. అదేదో చూద్దామని కౌన్సిల్ ఆఫీసుకెళ్లి సమావేశాల పుస్తకం అడిగాను.

"దీన్నెవరూ చదవరమ్మా, అందుకే ఎవరూ దాచలేదు," అంటూ గుమాస్తా ఇచ్చాడు.

నలభై ఒకటో పేజీ. ఫ్యాక్టరీల్లో అగ్నిమాపక తనిఖీని ఏడాది వాయిదా వేద్దామన్నది ఆయనే. సభ్యుడిగా బలపరిచి సంతకం చేసింది నువ్వు. ఆ ఏడాదిలోనే మా ఫ్యాక్టరీలో తాళం వేసిన తలుపు వెనక అక్క కాలిపోయింది. శవాన్ని గుర్తుపట్టడానికి అమ్మను చెయ్యి పట్టుకుని నడిపించిందీ నువ్వే.

తమ్ముడున్నాడు కాబట్టే బతికానని అమ్మ ఇప్పటికీ అందరితో చెబుతోంది. ఆదివారంలోగా వచ్చి అమ్మకు నీ నోటితో నువ్వే చెప్పు. రాకపోతే ఆ పేజీ నేనే చదివి వినిపిస్తాను, నీ సంతకంతో సహా.

నీ చిన్న మేనకోడలు